నీళ్ల కింద ఊరు, కొండ మీద దారి

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లని "ఇక్కడికొచ్చాక మొదట ఎక్కిన కొండ ఏది?" అని అడిగితే చాలామంది చెప్పే పేరు రాటిల్‌స్నేక్ లెడ్జ్. కారణాలు పెద్దగా వెతకక్కర్లేదు. నగరం నుంచి ముప్పావుగంట డ్రైవ్. పార్కింగ్‌కి పాస్ అక్కర్లేదు. దారి చక్కగా ఉంటుంది, తప్పిపోతామన్న భయం లేదు. రానూ పోనూ కలిపి నాలుగైదు మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు పన్నెండు వందల అడుగులకు అటూ ఇటూ. అలిపిరి మెట్లదారిలో తిరుమలకి నడిచి వెళ్లినవాళ్లకి ఇదో లెక్క కాదు. పైకెళ్లి బండ మీద నిలబడితే కింద సరస్సు, ఎదురుగా కొండలు, కుడివైపు కనుచూపు మేర అడవి, అన్నీ ఒక్క ఫోటోలో పడతాయి. మనవాళ్ల వాట్సాప్ డీపీల్లో ఆ ఫోటో కనీసం ఒక్కసారైనా చూసే ఉంటారు.

ఆ ఫోటోలో కనిపించని సంగతులు రెండున్నాయి. ఆ సరస్సు అడుగున ఒకప్పుడు ఒక ఊరుండేది. ఆ అడవిలోకి ఇప్పుడు మామూలు జనం ఎవరూ అడుగుపెట్టకూడదు. రెండింటికీ సియాటిల్ నగరం వాడుకునే కరెంటుతో, తాగే నీళ్లతో సంబంధం ఉంది. కొండ ఎక్కి చూస్తే ఆ కథంతా మ్యాప్ పరిచినట్టు కళ్లముందు కనిపిస్తుంది. అందుకే నా దృష్టిలో ఇది ఫోటో స్పాట్ కంటే ఎక్కువ.

నాలుగేళ్లలో నేను ఈ కొండ ఆరేడుసార్లు ఎక్కాను. కిందటి సెప్టెంబరు చివర్లో ఎక్కినప్పుడు మాత్రం పక్కన అమ్మ ఉంది. అమ్మానాన్నలు ఇక్కడికి రావడం అదే మొదటిసారి. అమ్మకి 57 ఏళ్లు. పుట్టింది నందికొట్కూరు దగ్గర, కృష్ణ ఒడ్డున. ఈ వివరం ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

పాము లేని పాము కొండ

సియాటిల్ నుంచి తూర్పుకి ఐ-90 హైవే మీద వెళ్తే 32వ ఎగ్జిట్ దగ్గర నార్త్ బెండ్ అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ దిగి కుడివైపు తిరిగి కొన్ని మైళ్లు వెళ్తే రోడ్డు సరస్సు దగ్గరే ఆగుతుంది. దారి పొడుగునా ఎడమపక్క మౌంట్ సై అనే కొండ గోడలా నిలబడి ఉంటుంది. దాని ఎత్తు 4,167 అడుగులు. 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్ చూసినవాళ్లకి ఈ కొండలు, ఈ రోడ్లు తెలిసినట్టే ఉంటాయి. అందులో చాలా దృశ్యాలు నార్త్ బెండ్, స్నోక్వాల్మీ చుట్టుపక్కలే తీశారు.

రాటిల్‌స్నేక్ అంటే తోకతో గిలక చప్పుడు చేసే విషపు పాము. పేరు వినగానే అమ్మ కారు దిగడానికి వెనకాడింది. "పాముల కొండకి తీసకొస్తివేంది నాయనా?" అంది. నిజానికి కాస్కేడ్ పర్వతాలకి పడమటి వైపు, అంటే సియాటిల్ వైపు, ఆ జాతి పాములే లేవు. ఎండిపోయిన కాయల్లో గింజలు గాలికి గలగలలాడితే, దారి వెయ్యడానికి సర్వే చేస్తున్నవాళ్లు పాము అనుకుని భయపడ్డారని, అదే కొండకి పేరైపోయిందని స్థానికంగా ఒక కథ చెబుతారు. మన వేరుశెనక్కాయలు ఎండాక చెవి దగ్గర ఊపితే వచ్చే చప్పుడు గుర్తుందా? అట్లాంటిదే అయ్యుంటుంది. ఆ కథ చెప్పాక అమ్మ నవ్వి దిగింది.

నాన్నకి మోకాళ్ల నొప్పులు. "మీరు పోయి రాండి, నేనీడ కూచుంటా" అని సరస్సు ఒడ్డున బెంచీ చూసుకుని కూర్చున్నాడు. అమ్మ చీరమీదే స్పోర్ట్స్ షూ వేసుకుంది. నా బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు, పులిహోర డబ్బా, రెండు వాన కోట్లు. ఇక్కడ ఎండ చూసి ఇంట్లోంచి బయల్దేరితే కొండ దగ్గరికి వచ్చేసరికి వాన పడటం మామూలే.

సెప్టెంబరు చివరికి సరస్సులో నీళ్లు బాగా తగ్గిపోతాయి. అప్పుడు ఒడ్డు పొడుగునా పెద్దపెద్ద చెట్ల మొద్దులు బయటపడతాయి. ఒక్కోటీ మన ఊళ్లో రచ్చబండంత ఉంటుంది. ఎండకి, నీళ్లకి బూడిదరంగు తిరిగి, వేళ్లు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. పిల్లలు వాటి మీదికెక్కి దూకుతూ ఉంటారు. అమ్మ మాత్రం వాటినే చూస్తూ నిలబడింది.

"చెరువులో చెట్లెవురైనా పెంచుతారా? ఈ మొద్దులేంది?" అని అడిగింది.

"పైకెళ్లాక చెప్తా. అక్కణ్నుంచి చూస్తే బాగా అర్థమవుద్ది" అన్నాను.

నాచు, ఫెర్న్‌లు, పాత గాట్లు

దారి మొదట కాస్త చదునుగా ఉండి, తర్వాత మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఎక్కడా మరీ నిట్టనిలువు కాదు, అయితే చివరిదాకా ఎక్కుతూనే ఉంటాం. రెండువైపులా డగ్లస్ ఫర్, హెమ్లాక్, రెడ్ సీడర్ చెట్లు. వాటి కింద మోకాలెత్తు ఫెర్న్‌లు. బండరాళ్ల మీద, పడిపోయిన మానుల మీద, ఆఖరికి కొమ్మల మీద కూడా ఆకుపచ్చ నాచు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. నల్లమల అడవి ఎండాకాలంలో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది వేరే లోకం. అక్కడ కాలు పెడితే ఎండుటాకులు కరకరలాడతాయి. ఇక్కడ అడుగు చప్పుడు కూడా మట్టిలో ఇంకిపోతుంది.

ఈ చెట్లు మనకి పెద్దగానే కనిపిస్తాయి గానీ ఇది రెండోసారి పెరిగిన అడవి. అసలు అడవిని వందేళ్ల కిందటే నరికేశారు. చుట్టూ చూస్తే అక్కడక్కడా అప్పటి మోళ్లు కనిపిస్తాయి. కొన్ని మోళ్లకి మనిషి నడుమెత్తులో, అంతకన్నా పైన పెద్ద గాట్లు ఉంటాయి. చెట్టు మొదలు మరీ లావుగా ఉంటే దాన్ని కొయ్యడం కష్టం. అందుకని పక్కన గాటు పెట్టి, అందులో పలక దూర్చి, దానిమీద నిలబడి పైనుంచి రంపం వేసేవాళ్లు. పలక కోసం కొట్టిన ఆ గాట్లు ఇన్నేళ్ల తర్వాత కూడా అలాగే ఉన్నాయి. మోడు మీద కొత్త హెమ్లాక్ మొక్క మొలిచి, వేళ్లు మోడు చుట్టూ కిందికి దించి పెరగడం కూడా ఈ అడవిలో చూడొచ్చు. మనకి రావిచెట్టు పాత గోడ మీద మొలిచినట్టు.

అమ్మ సగం దారిలో రెండుసార్లు ఆగింది. ఎదురొచ్చేవాళ్లంతా చీర చూసి నవ్వుతూ "వచ్చేశారు, ఇంకొంచెమే" అని చెప్పి పోతున్నారు. ఇక్కడి కొండదారుల్లో అందరూ చెప్పే మాట అది, ఇంకా గంట దూరం ఉన్నా అదే చెబుతారు. ఒక తెలుగు జంట చంటిపిల్లని వీపు సంచీలో వేసుకుని దిగుతూ "ఆంటీ, సూపర్ అండి మీరు" అంది. అప్పట్నుంచీ అమ్మ ఆగలేదు. కింద నుంచి బండకి చేరడానికి మాకు గంటన్నర పైనే పట్టింది. అలవాటున్నవాళ్లు గంటలోపే ఎక్కేస్తారు.

అంచు దగ్గర

చెట్లు ఒక్కసారిగా అయిపోయి, చప్పున ఆకాశంలోకి వచ్చినట్టు ఉంటుంది. ఎదురుగా విశాలమైన రాతి బండ. దాని అంచు దాటితే కింద వందల అడుగుల లోతు. రెయిలింగ్ లేదు, గొలుసు లేదు.

ఈ విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ అంచు మీంచి పడి చనిపోయినవాళ్లున్నారు. దారి తేలిక కాబట్టి చివర కూడా తేలికే అనుకుంటారు. వాన పడితే ఈ రాయి సబ్బు రాసినట్టు ఉంటుంది. ఫోటో కోసం అంచు మీద కాళ్లు వేలాడదీసి కూర్చోవడం, వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకోవడం ప్రతి వారాంతం కనిపించే దృశ్యాలు. అమెరికా వచ్చిన మన పిల్లలు కొండల్లో, జలపాతాల దగ్గర ప్రమాదాల్లో పోయారన్న వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అలా పోయిన బిడ్డ కోసం ఏ ఊళ్లోనో ఒక ఇల్లు రోజుల తరబడి ఎదురుచూస్తుంది. అంచుకి పది అడుగుల వెనక నిలబడినా సరస్సు మొత్తం ఫోటోలో పడుతుంది. నేను కొలిచి చూశాను, పడుతుంది.

అమ్మ పదిహేను అడుగుల వెనకే ఒక రాయి చూసుకుని కూర్చుంది. నన్ను కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఇప్పుడు చెప్పు ఆ మొద్దుల కత" అంది.

మాంక్టన్ అనే ఊరు

కింద నీలంగా కనిపించేది రాటిల్‌స్నేక్ సరస్సు. 1900ల మొదట్లో అది చిన్న సరస్సు. దాని ఒడ్డున మాంక్టన్ అనే ఊరుండేది. మిల్వాకీ రైల్వే లైను కాస్కేడ్ కొండలు దాటి సియాటిల్ వైపు వేస్తున్న రోజుల్లో పుట్టిన ఊరు. రెండు వందల మంది దాకా ఉండేవాళ్లు. హోటలు, దుకాణం, మంగలి షాపు, బడి, అన్నీ ఉన్న ఊరే.

ఆ ఊరికి ఎగువన సీడర్ నది. ఆ నది మీద సియాటిల్ నగరానికి అప్పటికే నీళ్ల కాలవ, కరెంటు కేంద్రం ఉన్నాయి. నగరం పెరుగుతోంది, కరెంటు ఇంకా కావాలి. అందుకని మేసనరీ డ్యామ్ అనే కొత్త ఆనకట్ట కట్టారు. 1914లో అది పూర్తయింది. ఆనకట్ట గట్టిదే. దానికి ఒకపక్క ఉన్న కొండ మాత్రం గట్టిది కాదు. వేల ఏళ్ల కిందట హిమానీనదాలు కరుగుతూ వదిలిపెట్టిపోయిన కంకర, ఇసుక, మట్టి కుప్ప అది. పైకి కొండలా కనిపిస్తుంది, లోపల జల్లెడ. ఆనకట్ట వెనక నీళ్లు నిలబెట్టగానే ఆ జల్లెడలోంచి కారడం మొదలైంది.

కారిన నీళ్లు చేరింది మాంక్టన్‌కే. 1915 వసంతంలో సరస్సు మట్టం రోజుకి సుమారు అడుగు చొప్పున పెరిగింది. వరదలా ఒక్కసారి మీద పడితే పరుగెత్తాలి. ఇది అలా కాదు. పొద్దున లేచి చూస్తే వాకిట్లో నీళ్లు, మర్నాడు మెట్టు మీద, ఆ మర్నాడు ఇంట్లో. జనం సామాన్లు మూటగట్టుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొన్ని ఇళ్లు పునాదుల మీంచి లేచి తేలాయి. అప్పటి ఫోటోల్లో నీళ్లలో సగం మునిగి నిలబడ్డ చెక్క ఇళ్లు కనిపిస్తాయి. ఏడాది తిరిగేసరికి మాంక్టన్ పేరు మ్యాపుల్లోంచి పోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 1918 డిసెంబరులో అదే కంకర కొండ ఇంకో వైపు పగిలింది. బాక్స్‌లీ వాగు వెంబడి నీళ్లు, బురద విరుచుకుపడి కింద ఉన్న ఎడ్జ్‌విక్ అనే రంపపు మిల్లు ఊరిని తుడిచిపెట్టాయి. ముందుగా జనం తప్పుకోవడంతో ప్రాణాలు పోలేదు. ఆ తర్వాత డ్యామ్‌ని అనుకున్న ఎత్తు దాకా నింపే ఆలోచన మానుకున్నారు.

అమ్మ అంతా విని, "వాళ్లకి దుడ్లిచ్చిరా?" అని అడిగింది.

"ఇచ్చారమ్మా. నగరమే పరిహారం కట్టింది."

"ఇంకోచోట ఊరు కట్టించిరా?"

"లేదు. ఆ ఊరు మళ్లీ కట్టలేదు."

అమ్మ కాసేపు సరస్సు వైపే చూసింది. "ఊరు పోతే దుడ్లు వస్తాయి నాయనా. పక్కింటోళ్లు రారు" అంది.

అమ్మ ఊరు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం రిజర్వాయరు కింద ఉంది. ఈ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోగా వినలేదు. మా ఇంట్లో 'పాత ఊరు' అన్నమాట వస్తే ఎవరో ఒకరు లేచి టీ పెట్టడానికి పోతారు, అంతే.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ, తుంగభద్రల ఒడ్డున ఉన్న వంద దాకా ఊళ్లు ఆ ప్రాజెక్టు కింద మునిగాయి. 1981లో ఖాళీ చేయించేటప్పటికి అమ్మకి పన్నెండు, పదమూడేళ్లు. ఆ రోజు కొండ మీద కూర్చుని, పులిహోర తింటూ, అమ్మ నాకు మొదటిసారి వివరంగా చెప్పింది. గుంపుగా మనుషులొచ్చి ఇళ్ల పైకప్పులు విప్పించారట. మా తాత ఇంటి గుమ్మం, రెండు దూలాలు ఎద్దులబండి మీద వేసుకుని వచ్చాడు. ఆ గుమ్మమే ఇప్పుడు నందికొట్కూరులో మా మామ ఇంటికి ఉంది. చిన్నప్పుడు నేను దానిమీద కూర్చుని ఎన్నిసార్లు తిట్లు తిన్నానో లెక్కలేదు. అది ఇంకో ఊరి నుంచి వచ్చిన గుమ్మమని నాకు ఆ కొండ మీదే తెలిసింది.

"చింతచెట్టు మాత్రం కొట్టలేదు. నీళ్లు వచ్చినంక దాని కొన ఒక్కటే కొన్నాళ్లు కనపడుతుండె. మీ తాత దినామూ పొయ్యి చూసి వచ్చేటోడు" అంది.

శ్రీశైలం రిజర్వాయరు పూర్తి మట్టం 885 అడుగులు. వానలు బాగా పడితే టీవీల్లో గేట్లు ఎత్తడం చూపిస్తారు, మనం చప్పట్లు కొడతాం. ఆ నీళ్లతోనే కరెంటు, ఆ నీళ్లతోనే రాయలసీమ కాలవలు, ఆ నీళ్లే తెలుగుగంగ మీదుగా చెన్నైకి తాగడానికి. ఇవన్నీ అవసరాలే, ఎవరూ కాదనరు. అమ్మ కూడా కాదనలేదు. ఆమె అడిగేది ఒక్కటే. తాగేవాళ్లకి ఆ ఊళ్ల పేర్లు తెలుసా అని.

మాంక్టన్ పేరు ఎంతమందికి తెలుసో ఆ రోజు బండ మీద ఉన్నవాళ్లని అడగొచ్చు గానీ, అమ్మ వద్దంది.

తలుపులేసిన అడవి

బండ మీంచి కుడివైపు, ఆగ్నేయంగా చూస్తే కొండల మధ్య ఇంకో నీళ్ల మెరుపు కనిపిస్తుంది. అది చెస్టర్ మోర్స్ సరస్సు. దాని చుట్టూ ఉన్న అడవంతా సీడర్ నది పరీవాహక ప్రాంతం. సుమారు 90,000 ఎకరాలు. మొత్తం సియాటిల్ నగరం సొత్తు. అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు. చేపలు పట్టడం, క్యాంపింగ్, సైకిలు, ఏదీ కుదరదు. మనం ఎక్కే దారి ఆ అడవి అంచునే పోతుంది, లోపలికి పోదు.

దీని వెనక ఒక నిప్పు కథ ఉంది. 1889 జూన్ 6న సియాటిల్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, చెక్కతో కట్టిన వ్యాపార కేంద్రం దాదాపు మొత్తం కాలిపోయింది. అప్పట్లో నీళ్లు ప్రైవేటు కంపెనీ చేతుల్లో ఉండేవి. మంటలు ఆర్పుతుంటే గొట్టాల్లో ధార పడిపోయింది. నెల దాటగానే జనం ఓట్లేసి, నీళ్ల సరఫరా నగరమే చూసుకోవాలని తీర్మానించారు. సీడర్ నది నీళ్లు 1901లో నగరానికి చేరాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు నగరం ఆ పరీవాహక ప్రాంతంలో భూమి కొంటూ పోయింది. 1990ల్లో మొత్తం చేతికొచ్చింది. అమ్మకం కోసం చెట్లు నరకడం కూడా ఆపేశారు. దీనికి ఎంతో ముందు నుంచీ స్నోక్వాల్మీ, మకల్‌షూట్ తెగల ప్రజలు వేటాడి, పళ్లు ఏరుకుని బతికిన నేల ఇదే. ఈ లెక్కలో ఊళ్లు పోగొట్టుకున్న మొదటివాళ్లు మాంక్టన్ వాళ్లు కాదు.

ఇప్పుడు సీడర్, టోల్ట్ అనే రెండు నదుల నుంచి సియాటిల్, బెల్‌వ్యూ సహా 15 లక్షల మంది దాకా నీళ్లు తాగుతున్నారు. అందులో ఎక్కువ వాటా సీడర్‌దే. ఆ నీళ్లని ఓజోన్‌తో, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసి, కాస్త క్లోరిన్ కలుపుతారు గానీ ఫిల్టర్ చెయ్యరు. అడవే ఫిల్టరు. వాన పడ్డ చోట ఊరు లేదు, పొలం లేదు, ఫ్యాక్టరీ లేదు కాబట్టి అది కుదిరింది. అమెరికాలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి కొద్ది పెద్ద నగరాలకే ఈ అదృష్టం ఉంది.

అమ్మ వచ్చిన మొదటి వారమంతా మా ఇంట్లో నల్లా నీళ్లు కాచి, చల్లార్చి, సీసాల్లో పోసి పెట్టేది. ఎంత చెప్పినా వినలేదు. కొండ మీంచి ఆ అడవి చూపించి "నువ్వు కాచే నీళ్లు అక్కణ్నుంచే వస్తాయమ్మా" అంటే, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

నాకు ఆ సమయంలో గుర్తొచ్చింది గండిపేట. నా ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఆ పక్కనే గడిచాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పాతవాళ్లు అనేవారు. అక్కడ కూడా కథ విపత్తుతోనే మొదలైంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాల పరీవాహక ప్రాంతంలో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో దాని స్థానంలో 69 జీవో వచ్చి ఆంక్షలు సడలించింది. అక్కడి రైతుల బాధ కూడా తేలిగ్గా తీసేసేది కాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి మాత్రం ధర రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. సియాటిల్ ఆ భూమిని డబ్బు పెట్టి కొనుక్కుంది. మనం జీవోతో సరిపెట్టాం. నీళ్లు కాపాడటానికి అయ్యే ఖర్చు తాగే నగరం భరించాలా, పైన ఉన్న పల్లె భరించాలా అన్నది అక్కడా ఇక్కడా ఒకటే ప్రశ్న.

వెళ్లేవాళ్ల కోసం

మే నుంచి అక్టోబరు దాకా వెళ్లడానికి మంచి కాలం. మొద్దులు చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు. శని, ఆదివారాల్లో ఎనిమిది లోపు చేరుకోకపోతే పార్కింగ్ దొరకదు. వీలుంటే మామూలు రోజు పెట్టుకోండి. పైన నీళ్లు దొరకవు, మోసుకెళ్లాలి. మంచి పట్టున్న షూ, వాన కోటు, వేసవిలోనైనా ఒక స్వెటర్ తప్పనిసరి. తిన్నాక అరిటిపండు తొక్క కూడా అడవిలో పారేయొద్దు, తిరిగి తెచ్చుకోండి. పిల్లలుంటే బండ దగ్గర చెయ్యి వదలొద్దు. ఓపిక ఉన్నవాళ్లకి మొదటి బండ పైన ఇంకో రెండు వ్యూపాయింట్లు ఉన్నాయి, అక్కడ జనం తక్కువ.

దిగాక వెంటనే కారెక్కి పోకండి. సరస్సు పక్కనే వాటర్‌షెడ్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది. ఈ లోయ చరిత్ర, నీళ్లు నగరానికి వెళ్లే తీరు అక్కడ చూపిస్తారు. పెరట్లో చెట్ల మధ్య పెట్టిన డోళ్ల మీద నీటి చుక్కలు పడి తాళం వేస్తుంటాయి. పిల్లలకి అది బాగా నచ్చుతుంది. తెరిచి ఉండే రోజులు, వేళలు ముందే చూసుకోండి.

మేం దిగేసరికి నాన్న అక్కడే ఉన్నాడు. అమ్మ సరస్సు ఒడ్డుకి వెళ్లి, ఒక మొద్దు మీద చెయ్యేసి కాసేపు నిలబడింది. ఫోటో తీస్తానంటే వద్దంది.

మా జిల్లాలో సంగమేశ్వరం అని ఒక గుడి ఉంది. ఏడు నదులు కలిసే చోటని చెబుతారు. శ్రీశైలం నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ అది మునిగే ఉంటుంది. ఎండాకాలం మట్టం తగ్గితే బయటపడుతుంది, అప్పుడు జనం వెళ్లి పూజలు చేస్తారు. అమ్మ ఊరు అక్కణ్నుంచి ఎక్కువ దూరం కాదట. నీళ్లు బాగా తగ్గిన ఏడాది ఆ దిబ్బ కూడా తేలుతుందని మామ ఫోన్లో చెప్పాడు. వచ్చే మే నెలకి సెలవు పెట్టాను. అమ్మతో కలిసి వెళ్లి, ఆ చింతచెట్టు ఎక్కడుండేదో చూపించమని అడుగుతా.